రెండో తరగతి పిల్లాడికి రాత్రి పదింటి దాకా హోంవర్క్! మా ఇంట్లోనేనా, అందరిళ్ళలోనూ ఇంతేనా?

బోడుప్పల్_అమ్మ
మా వాడు రెండో తరగతి. నిన్నటి డైరీ ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా. ఇంగ్లిష్ కాపీరైటింగ్ రెండు పేజీలు. 12 నుంచి 15 దాకా టేబుల్స్ మూడేసి సార్లు. ఈవీఎస్‌లో నాలుగు ప్రశ్నలకి జవాబులు చూడకుండా. తెలుగులో క గుణింతం, ఖ గుణింతం.

నేను ఉప్పల్‌లో మెట్రో దిగి ఆటో పట్టుకుని ఇంటికొచ్చేసరికి ఏడున్నర. మా ఆయన వచ్చేది తొమ్మిదికి. ఒక చెవి కుక్కర్ విజిల్ మీద, ఒక కన్ను నోట్‌బుక్ మీద. పదింపావుకి వాడు పద్నాలుగో ఎక్కం మధ్యలో పెన్సిల్ పట్టుకునే నిద్రపోయాడు. మిగతాది నేను ఎడమ చేత్తో రాశా. అవును, రాశా. ఏం చెయ్యను, తెల్లారి వాడు ఏడుస్తూ బస్సెక్కుతాడు.

ఇవాళ నోట్‌బుక్ చూస్తే ఆ పేజీ కింద ఎర్ర పెన్నుతో మేడమ్ రిమార్కు: 'హ్యాండ్‌రైటింగ్ ఇంకా మెరుగుపడాలి'.

ఏడేళ్ళ వాడికి ఇదంతా అవసరమా? నిజంగా అడుగుతున్నా.

ఇరానీచాయ్
మీ వాడి సంగతేమో గానీ మీకు మాత్రం కాపీరైటింగ్ తప్పదు మేడమ్.

లెక్కల_పిచ్చి
నాలుగు ఎక్కాలు, ఒక్కోటి పది వరసలు, మూడు సార్లు. 120 వరసలు. అందులో ఆలోచించాల్సింది ఒక్కటి కూడా లేదు. మొదటిసారి రాశాక మిగతా రెండూ పైనుంచి చూసి దింపడమే. మా వాడైతే నిలువుగా రాస్తాడు. ముందు 12, 12, 12 అని కింద దాకా, తర్వాత గుణకారం గుర్తులన్నీ, తర్వాత 1, 2, 3... ఫ్యాక్టరీ లైన్ లాగా.

కేపీహెచ్‌బీ_కిరణ్
అందరూ తిడతారని తెలిసే రాస్తున్నా. హోంవర్క్ ఉండాలి. క్లాసులో నలభై మంది ఉంటారు. మేడమ్ ఒకసారి చెప్పి వెళ్ళిపోతుంది. ఇంటికొచ్చి మళ్ళీ ముట్టుకోకపోతే ఎక్కడ నిలుస్తుంది? హోంవర్క్ లేని రోజు పిల్లలు గిల్లీదండా ఆడుతున్నారా? ఫోన్ పట్టుకుంటున్నారు. మా అపార్ట్‌మెంట్‌లో కింద ఆడుకునే చోటంతా కార్లే. మా అమ్మాయి ఆరో తరగతి, ఐఐటీ ఫౌండేషన్. ఇప్పుడే అలవాటు కాకపోతే రేపు ఇంటర్‌లో ఒక్కసారిగా మీద పడుతుంది.

పాత_సర్క్యులర్
కిరణ్ గారూ, మీ అమ్మాయి సంగతి వేరు. ఇక్కడ అడిగింది రెండో తరగతి గురించి. ఒకటి, రెండు తరగతులకి హోంవర్క్ ఇవ్వొద్దని కేంద్ర మానవ వనరుల శాఖ 2018 నవంబరులోనే రాష్ట్రాలన్నిటికీ రాసింది. అదే ఏడాది మేలో మద్రాసు హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వు దాని వెనక ఉంది. తర్వాత 2020లో స్కూల్ బ్యాగ్ పాలసీ వచ్చింది. అందులో రెండో తరగతి దాకా హోంవర్క్ లేదు. మూడు నుంచి ఐదు వరకు వారానికి రెండు గంటలు. రోజుకి కాదండీ, వారానికి. ఆరు నుంచి ఎనిమిదికి రోజుకి గంట. తొమ్మిది ఆపైన రోజుకి రెండు గంటలు. బ్యాగు బరువు పిల్లల బరువులో పదో వంతు దాటకూడదు.

బోడుప్పల్_అమ్మ గారూ, ఒకసారి బ్యాగు తూచండి.

బోడుప్పల్_అమ్మ
ఊరెళ్ళేటప్పుడు లగేజీ తూచే కాటా ఉంటే తగిలించి చూశా. 4 కిలోల 300 గ్రాములు. నీళ్ళ బాటిల్, లంచ్ బాక్స్ తీసేస్తే 3 కిలోల 400. వాడు 21 కిలోలు. మీ లెక్కన 2 కిలోల 100 దాటకూడదు.

ఇరానీచాయ్
ఎయిర్‌లైన్స్ వాడైతే అదనపు బరువుకి డబ్బులు వసూలు చేసేవాడు.

కేపీహెచ్‌బీ_కిరణ్
సర్క్యులర్లు వంద వస్తాయి భాయ్. స్కూల్ వాడు పట్టించుకుంటాడా? పోనీ, పేరెంట్ వెళ్ళి అడుగుతాడా?

పాత_సర్క్యులర్
పట్టించుకోడు. అందుకే నా పేరు అలా పెట్టుకున్నా.

ఎర్రసిరా
నేను టీచర్ని. ఎల్బీనగర్ వైపు ఒక ప్రైవేటు స్కూలు, పేరు వద్దు. రెండు సెక్షన్లు, 84 మంది పిల్లలు. నోట్‌బుక్‌కి ఒక్క నిమిషం చొప్పున వేసుకున్నా గంటా ఇరవై నాలుగు నిమిషాలు. రోజుకి నాకు దొరికే ఖాళీ పీరియడ్ ఒకటే, నలభై నిమిషాలు. అది కూడా ఎవరైనా సెలవు పెడితే పోతుంది. మిగతా నోట్‌బుక్‌లు బిగ్ షాపర్‌లో వేసుకుని ఇంటికి తెచ్చుకుంటా. మా ఇంట్లో హోంవర్క్ చేసేది నేనూ మా పాపా ఇద్దరం.

అంత ఎందుకిస్తున్నారు, మానెయ్యొచ్చు కదా అంటారు. పోయినేడు మా ప్రిన్సిపాల్ మేడమ్ ఒకటో తరగతికి ఒక నెల ఆపి చూద్దామన్నారు. నాలుగో రోజుకే ఫోన్లు మొదలయ్యాయి. 'డైరీ ఖాళీగా వస్తోంది, క్లాసులో ఏం చెప్తున్నారసలు?', 'పక్క స్కూల్లో మా బావగారి పిల్లాడు వాక్యాలు రాసేస్తున్నాడు', 'ఇంత ఫీజు కడుతున్నాం'. రెండో వారానికి మళ్ళీ మామూలే. డైరీలో ఏదో ఒకటి రాసి ఉంటే ఫీజుకి రసీదు ఇచ్చినట్టు.

ఇక ఎడమ చేతి రాత సంగతి. మాకు తెలిసిపోతుందండీ. చిన్నపిల్లలు పెన్సిల్ నొక్కి నొక్కి రాస్తారు. కాగితం వెనక్కి తిప్పి తడిమితే వేళ్ళకి తగులుతుంది. అమ్మలు రాసిన పేజీ వెనక నున్నగా ఉంటుంది, ఏ చేత్తో రాసినా సరే. ఆ రిమార్కు మీ వాడికి రాసింది కాకపోవచ్చు.

బోడుప్పల్_అమ్మ
అయ్యో!! ఇప్పుడే వెళ్ళి తడిమి చూశా. నిజమే. నున్నగా ఉంది.

మూడోబెంచి
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. మా అమ్మాయి ఇప్పుడే, అంటే రాత్రి తొమ్మిదిన్నరకి, రేపు పొద్దునకల్లా సౌరకుటుంబం మోడల్ తేవాలని చెప్పింది. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి వైపు థర్మోకోల్ బంతులు దొరికే షాపు ఏదైనా ఇంకా తెరిచి ఉందా?

ఇరానీచాయ్
స్టేషనరీ షాపు సగం షట్టర్ దించి ఉంటుంది. దాని ముందు హెల్మెట్ తియ్యకుండా చేతిలో చార్టులు పట్టుకున్న నాన్నలు ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్ళ వెనక నిలబడండి.

ఎర్రసిరా
పాప చెప్పడం మర్చిపోయిందేమో గానీ ప్రాజెక్టు వారం ముందే ఇస్తారండీ. ఎఫ్ఏ, అంటే ఫార్మేటివ్ అసెస్‌మెంట్, ఇరవై మార్కుల్లో ప్రాజెక్టుకి ఐదు. మిగతావి క్లాసులో పాల్గొనడం, రాతపని, స్లిప్ టెస్ట్.

మూడోబెంచి
ఐదు మార్కులకి నేను రాత్రి పది గంటలప్పుడు శనిగ్రహం వలయాలు కత్తిరిస్తున్నా. సరే, షాపుకి బయల్దేరుతున్నా.

ట్యూషన్_అక్క
ఇక్కడ నేను మాట్లాడితే నా పొట్ట నేనే కొట్టుకున్నట్టు. రామంతాపూర్‌లో మా ఇంట్లోనే ట్యూషన్ చెప్తా. పద్నాలుగు మంది. ఐదు నుంచి ఏడున్నర. హోంవర్కే లేకపోతే నాకు పనే లేదు.

అయినా ఉన్నమాట చెప్తా. నేను చదువు చెప్పట్లేదు, హోంవర్క్ చేయిస్తున్నా. రెండూ ఒకటి కాదు. ఐదో తరగతి బాబు ఒకడున్నాడు. 52లోంచి 27 తీసెయ్యమంటే 35 అంటాడు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేస్తాడు. వాడికి కావాల్సింది రెండు వారాల పాటు చింతగింజలో పుల్లలో పెట్టి తీసివేత నేర్పడం. కానీ రేపటికి భిన్నాల లెక్కలు పన్నెండు పూర్తవ్వాలి. లేకపోతే వాడిని నిలబెడతారు, వాళ్ళమ్మ నాకు ఫోన్ చేస్తుంది. అందుకని నేను చెప్తూ పోతా, వాడు రాస్తూ పోతాడు. నోట్‌బుక్ నిండా రైట్ మార్కులు. తీసివేత మాత్రం ఇంకా రాదు. ఇలా రెండేళ్ళుగా నడుస్తోంది. తప్పు నాదేనా, నాకు తెలీదు.

లెక్కల_పిచ్చి
అక్కా, ఈ పేజీలో ఇంత సూటిగా ఇంకెవరూ చెప్పలేదు. 35 అన్నవాడికి ఎక్కడ తప్పుతోందో మీకు తెలుసు. రైట్ మార్కు వేసిన మనిషికి తెలీదు, ఎందుకంటే నోట్‌బుక్‌లో తప్పు లేదు.

నల్లకుంట_తాతయ్య
నేను బడికెళ్ళిన రోజుల్లో పలక ఇంటికి తెస్తే దారిలోనే చెరిగిపోయేది. ఇంక హోంవర్క్ ఎక్కడిది? సాయంత్రం వీధి అరుగు మీద పిల్లలందరం కూర్చుని ఎక్కాలు అరిచేవాళ్ళం. ఒకడు తప్పితే పక్కవాడు అందుకునేవాడు. పదమూడో ఎక్కం ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో మాత్రం చెప్పలేను.

కేపీహెచ్‌బీ_కిరణ్
చూశారా, తాతయ్య గారికి వచ్చింది సాధన వల్లే కదా. దాని పేరు హోంవర్క్ కాకపోతే ఏంటి?

నల్లకుంట_తాతయ్య
సాధనే నాయనా. కాకపోతే మా అమ్మ పక్కన కూర్చోలేదు. ఆవిడకి చదవడం రాదు, మేం అరుస్తుంటే విని మురిసిపోయేది, అంతే. పొద్దుపోతే లేచి అన్నాలకి వెళ్ళిపోయేవాళ్ళం.

సర్కారుబడి_సార్
తాతయ్య గారు చెప్పిన ఆ చివరి ముక్క దగ్గరే ఉంది అసలు సమస్య. హోంవర్క్ ఇచ్చేవాళ్ళు, ఇంట్లో పక్కన కూర్చునే మనిషి ఒకరుంటారనీ, ఆ మనిషికి ఇంగ్లిష్ చదవడం వస్తుందనీ, ఏడింటికి ఖాళీగా ఉంటుందనీ అనుకుంటారు. మా బడి పాతబస్తీ వైపు. పిల్లల నాన్నలు పొద్దున్నే కూలీ అడ్డాకి పోతారు, అమ్మలు నాలుగిళ్ళలో పని చేసుకుని వస్తారు. 2022-23 నుంచి మా బడుల్లో ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురుగా అదే పాఠం తెలుగులో ఉంటుంది. పిల్లలకి అది బాగానే ఉపయోగపడుతోంది. ఇంట్లో కొందరికి ఏ పేజీ అయినా ఒకటే.

నేను రాతపని తగ్గించి వేరేలా ఇచ్చి చూశా. 'ఇవాళ ఇంట్లో ఏం కూర కొన్నారు, ఎంతకి, వంద ఇస్తే ఎంత తిరిగొచ్చింది, అమ్మని అడిగి రాసుకురండి' అన్నా. మంచి హోంవర్క్ అని నాకు నేనే భుజం తట్టుకున్నా. పిల్లలు హుషారుగా రాసుకొచ్చారు. ఒక పాప మాత్రం 'ఇవాళ కూర కొనలేదు' అని ఒక్క ముక్క రాసింది. ఆ పాప దాన్ని అందరి ముందూ చదవాల్సి వచ్చింది, నా వల్ల. అప్పటినుంచి ఇంట్లో డబ్బు సంగతి, వంట సంగతి అడిగేవి ఇవ్వడం మానేశా. 'మీ ఇంటి నుంచి బడికి ఎన్ని అడుగులు', 'దారిలో ఎన్ని చెట్లు' లాంటివి ఇస్తున్నా. చెట్లు పెద్దగా లేవనుకోండి.

బోడుప్పల్_అమ్మ
సార్, ఇది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశా.

తొమ్మిదో_తరగతి
అక్క ఫోన్‌లోంచి రాస్తున్నా. మీరంతా హోంవర్క్ పిల్లలు చేస్తున్నారని ఎందుకనుకుంటున్నారు? మా క్లాసులో ఒకడు చేస్తాడు. వాడి బుక్ చూసి బస్సులో పదకొండు మందిమి దింపుకుంటాం. ఉప్పల్ రింగ్‌రోడ్డు దాకా మ్యాథ్స్, ఆ ట్రాఫిక్‌లో సైన్స్ కూడా అయిపోతుంది. ఇప్పుడు ఫోటో తీస్తే జవాబు చెప్పే యాప్‌లు కూడా వచ్చాయి. మా సార్‌కి తెలుసు. సార్‌కి తెలుసని మాకూ తెలుసు.

ఇరానీచాయ్
ఉప్పల్, నారపల్లి ఫ్లైఓవర్ ఇన్నేళ్ళుగా ఎందుకు పూర్తవట్లేదా అనుకున్నా. దాని వెనక మీ క్లాసు ఉందన్నమాట.

తొమ్మిదో_తరగతి
అది పూర్తయితే మాకు సైన్స్ కష్టం అంకుల్.

విజ్ఞానపెట్టె
తెలియనివాళ్ళ కోసం: హోంవర్క్‌ని 1905లో ఇటలీలో రాబర్టో నెవిలిస్ అనే టీచర్ కనిపెట్టాడు. పిల్లలకి శిక్షగా మొదలైంది.

లెక్కల_పిచ్చి
ఆయన లేడండీ. ఇంటర్నెట్‌లో పుట్టిన మనిషి. అలాంటి టీచర్ ఉన్నట్టు ఎక్కడా ఆధారం లేదు, ప్రతి వాట్సాప్ గ్రూపులో మాత్రం ఉంటాడు.

నిజంగా జరిగినవి కావాలంటే ఉన్నాయి. ఫ్రాన్స్‌లో ప్రాథమిక తరగతులకి రాసే హోంవర్క్ ఇవ్వకూడదని 1956లోనే ఉత్తర్వు ఇచ్చారు. అయినా అక్కడి టీచర్లు ఇస్తూనే వచ్చారు. చైనా 2021లో ఒకటి, రెండు తరగతులకి రాతపని పూర్తిగా తీసేసింది. ఆరో తరగతి దాకా రోజుకి గంట దాటొద్దంది. అమెరికాలో హారిస్ కూపర్ అనే ఆయన 1987 నుంచి 2003 దాకా అక్కడ వచ్చిన పరిశోధనలు పోగేసి 2006లో ఒక సమీక్ష రాశాడు. పెద్ద తరగతుల్లో హోంవర్క్‌కీ మార్కులకీ కాస్త సంబంధం కనిపించింది. చిన్న తరగతుల్లో చాలా తక్కువ. కిరణ్ గారి అమ్మాయికి ఎంతో కొంత పనికొస్తుందేమో గానీ, బోడుప్పల్ బాబుకి ఆ 120 వరసల వల్ల వచ్చేది చేతినొప్పే.

విజ్ఞానపెట్టె
ఓహో. మా ఫ్యామిలీ గ్రూప్‌లో వచ్చింది, పంపించేశా.

ఇరానీచాయ్
మీ ఫ్యామిలీ గ్రూప్‌కి హోంవర్క్ ఇవ్వాలి.

సర్కారుబడి_సార్
మన దేశంలోనూ పాత మాటే. ప్రొఫెసర్ యశ్‌పాల్ కమిటీ 1993లో నివేదిక ఇచ్చింది, చదువు భారం తగ్గించాలని. అప్పటికి ఎనిమిదేళ్ళున్న పిల్లలకి ఇప్పుడు నలభై దాటాయి. ఎర్రసిరా మేడమ్‌కి ఫోన్ చేసి 'డైరీ ఖాళీగా ఉందేంటి' అంటున్నది వాళ్ళే.

ఒకటో_నంబర్_బస్
మా అన్న కొడుకుని హోంవర్క్ చెయ్యలేదని అరగంట గోడకుర్చీ వేయించారు. నాలుగో తరగతి. రాత్రి కాళ్ళు నొప్పులని ఏడ్చాడు. అన్న మాత్రం 'మేమూ వేశాం, ఏమైంది' అంటాడు.

పాత_సర్క్యులర్
విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్. కొట్టడమే కాదు, మానసికంగా వేధించడం కూడా నిషేధమే. ఇది సర్క్యులర్ కాదండీ, చట్టం. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ముందు స్కూలుకి కాగితం మీద రాసివ్వమనండి, నోటిమాటగా కాదు. ఇచ్చినట్టు సంతకం తీసుకోమనండి.

కేపీహెచ్‌బీ_కిరణ్
ఇంతమంది అన్నారని నిన్న మా అమ్మాయి పక్కన కూర్చుని ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టా. మొత్తం గంటా యాభై నిమిషాలు. అందులో మార్జిన్లు గీయడం, తేదీ, హెడ్డింగు కింద రంగు పెన్నుతో రెండు గీతలు, పుస్తకంలో ఉన్న ప్రశ్నలనే మళ్ళీ నోట్‌బుక్‌లోకి దింపడం, వీటికే ముప్పై ఐదు నిమిషాలు పోయాయి. ప్రశ్న ఎందుకు రాయాలి అంటే 'రాయకపోతే మేడమ్ కరెక్షన్ చెయ్యదు డాడీ' అంది. స్కూల్లో స్టడీ అవర్ ఐదింటి దాకా ఉంది. మరి అక్కడేం చేస్తున్నారని అడిగితే అది నిన్నటి హోంవర్క్ పూర్తి చెయ్యడానికట.

అయినా హోంవర్క్ ఉండాలనే అంటా. కానీ ఆ ముప్పై ఐదు నిమిషాలకి ఎవరు జవాబు చెప్తారో తెలియాలి.

ఎర్రసిరా
నేను చెప్తా. ప్రశ్న లేకుండా జవాబు మాత్రమే ఉంటే, నోట్‌బుక్ చూడ్డానికి వచ్చే కోఆర్డినేటర్‌కి అది ఏ పాఠమో తెలీదు. ఆయన కోసం రాయిస్తాం. మీ అమ్మాయి కోసం కాదు.

కేపీహెచ్‌బీ_కిరణ్
బాగుంది!

అడ్మిన్
థర్మోకోల్ బంతుల గురించి ఇక్కడికి పదిహేడు పోస్టులు వచ్చాయి. వాటిని వేరే థ్రెడ్‌లోకి మార్చాను. ఏ స్కూల్ పేరూ, టీచర్ పేరూ రాయొద్దని మళ్ళీ గుర్తు చేస్తున్నా.

ట్యూషన్_అక్క
బోడుప్పల్_అమ్మా, ఒక పని చెయ్యండి. ఎడమ చేత్తో రాయడం మానేసి కుడి చేత్తో డైరీలో రాయండి. ఎంతసేపు కూర్చున్నాడు, ఎక్కడ ఆపాడు, అంతే. కోపంగా వద్దు. నా దగ్గరికి వచ్చే ఇద్దరు పిల్లల అమ్మలు అలా చేశారు. ఒకచోట పని చేసింది. ఇంకోచోట 'పేరెంట్ ఇంకా శ్రద్ధ తీసుకోవాలి' అని జవాబొచ్చింది.

ఒకటో_నంబర్_బస్
అలా రాస్తే పిల్లాడి మీద కక్ష కడతారని మా వదిన భయం.

ఎర్రసిరా
కట్టేవాళ్ళు లేరని చెప్పను. కానీ చాలామందికి ఆ ఒక్క ముక్క చాలా ఉపయోగం. పైవాళ్ళకి చూపించడానికి మా దగ్గరా ఒక కాగితం ఉంటుంది.

బోడుప్పల్_అమ్మ
వారం తర్వాత వచ్చా. సోమవారం డైరీలో రాశా: '45 నిమిషాలు కూర్చున్నాడు. 12, 13 ఎక్కాలు ఒక్కోసారి రాశాడు. నిద్రొచ్చింది, పడుకోబెట్టాను.' సంతకం పెట్టా. రాత్రంతా నాకే టెన్షన్.

మంగళవారం సాయంత్రం మేడమే ఫోన్ చేసింది. కోప్పడుతుందనుకున్నా. ముందు నవ్వింది. 'ఆ రిమార్కు మీకే మేడమ్' అంది! ఎర్రసిరా గారూ, మీరు చెప్పింది అక్షరాలా నిజం. శనివారం శనివారం నోట్‌బుక్‌లు పైకి వెళ్తాయట, పేజీలు తక్కువుంటే అడుగుతారట. మా వాడి వరకు మూడుసార్లు బదులు ఒకసారి రాసినా టిక్ పెట్టేస్తానంది. అందరికీ తగ్గించడం తన చేతిలో లేదని, పీటీఎంలో (పేరెంట్-టీచర్ మీటింగ్‌లో) నలుగురు కలిసి అడిగితే తనకీ మాట్లాడే వీలుంటుందని అంది.

సరే అని క్లాస్ వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్ పెట్టా. 38 మంది పేరెంట్స్. నలుగురు బొటనవేలు పెట్టారు. ఇద్దరు విడిగా మెసేజ్ చేసి 'మేమూ ఎడమ చేతే' అన్నారు, గ్రూప్‌లో మాత్రం చెప్పొద్దన్నారు. ఒకాయన 'అసలు మంగళవారం హిందీ హోంవర్క్ ఎందుకు ఇవ్వలేదు' అని అడిగారు.

సర్కారుబడి_సార్
నలుగురు ఉన్నారు కదా. పీటీఎంకి ఆ నలుగురూ ఒకేసారి వెళ్ళండి, విడివిడిగా వద్దు.

మూడోబెంచి
నా సంగతీ చెప్పేస్తా. ఆ రాత్రి బంతులు దొరికాయి గానీ షాపులో ఏడే మిగిలాయి. నెప్ట్యూన్‌కి మా అమ్మాయి నిమ్మకాయకి నీలం రంగు వేసి గుచ్చింది. ఐదుకి నాలుగున్నర వచ్చాయి. మూడో రోజుకి నెప్ట్యూన్ వాసనొచ్చిందట.

ఇరానీచాయ్
ఇంతకీ బోడుప్పల్ మేడమ్, పదిహేనో ఎక్కం వచ్చిందా?

బోడుప్పల్_అమ్మ
నాకు వచ్చేసింది. వాడింకా 13 దగ్గర ఉన్నాడు.